ఇల్లు చూడకముందే రాసిచ్చిన చీటీ

డెబ్బైల మధ్యలో నాకు అవనిగడ్డ వైపున్న ఒక హైస్కూలు నుంచి బెజవాడకి బదిలీ అయింది. నా భార్య అప్పటికి ఏడాదిగా బెజవాడలోనే ఒక ఆస్పత్రిలో నర్సుగా చేస్తోంది. వాళ్ళక్కగారింట్లో ఒకే గదిలో, మా నాలుగేళ్ళ పాపతో ఉండేది. నేనూ ట్రంకుపెట్టె పట్టుకుని వచ్చి చేరేసరికి ఆ గదిలో చాప పరిస్తే తలుపు తెరుచుకునేది కాదు. మా వదినగారు పల్లెత్తు మాట అనేవారు కాదు. నైట్ డ్యూటీ చేసొచ్చిన చెల్లెలు పగలు పడుకుంటే, చప్పుడవుతుందని ఆవిడ గిన్నెలన్నీ దొడ్లోకి పట్టుకెళ్ళి ఎండలో కూర్చుని తోముకునేవారు. అది చూసినప్పుడల్లా నాకు సిగ్గేసేది. వచ్చిన వారంలోనే ఇల్లు చూసుకోవడం మొదలుపెట్టాం.

ఎవరో చెబితే వన్ టౌన్‌లో ఒక బ్రోకరు దగ్గరికి వెళ్ళాం. అరవై దాటిన మనిషి. పంచె, తెల్ల చొక్కా, ఎండైనా వానైనా చంకలో గొడుగు. ఆయనకి ఆఫీసంటూ లేదు. ఒక సైకిలు షాపు ముందు చెక్కబల్ల ఉండేది, అదే ఆఫీసు. ఊళ్ళో ఏ వీధిలో ఏ వాటా ఖాళీ అవుతోందో ఆయనకి తెలియనిది లేదని చెప్పుకునేవారు. ఇద్దరికీ ఉద్యోగాలున్నాయనీ, ఒకతే పిల్లనీ వినగానే ఆయన ముఖం విప్పారింది. ఆదివారం పొద్దున్నే ఏడింటికల్లా వచ్చేయమన్నారు. ఆదివారం పొద్దున మాకు చర్చి ఉంటుందనీ, పదకొండు దాటాక అయితే వస్తామనీ మా ఆవిడ చెప్పింది. ఆయన ఒక్క క్షణం ఆగి, "దాందేముందమ్మా, పదకొండింటికే రండి," అన్నారు. ఆ ఆగడం ఎందుకో నాకప్పుడు తట్టలేదు.

ఇక ఆదివారాలన్నీ ఆయనవే అయిపోయాయి. మొదటి వారం మేం పదకొండింటికి వెళితే ఆయన ఒంటిగంటకొచ్చారు. తీసుకెళ్ళిన ఇంటికి తాళం వేసుంది. ఇంటాయన పెళ్ళికని తెనాలి వెళ్ళాడట. ఆ సంగతి ఎదురింటివాళ్ళు చెప్పాల్సొచ్చింది. కిటికీ రెక్క సందులోంచి లోపలికి చూడమన్నారు బ్రోకరు. చూస్తే ఒక గోడా, ఆ గోడకి ఒక మేకూ కనిపించాయి. రెండో వారం నిజంగానే ఒక ఇంట్లోకి అడుగుపెట్టాం. లోపల నలుగురు విస్తళ్ళ ముందు కూర్చుని భోంచేస్తున్నారు. గరిటె పట్టుకుని నిలబడ్డ ఇల్లాలు మమ్మల్ని చూసి, మేం ఖాళీ చేస్తున్నామని మీకెవరు చెప్పారండీ అని అడిగింది. ఆవిడకి ఆ కబురు తెలియడం అదే మొదలు. మేం క్షమాపణ చెప్పుకుని బయటపడ్డాం. ఆవిడ అలా గరిటె పట్టుకునే వీధి గుమ్మం దాకా వచ్చి మేం వెళ్తుంటే చూస్తూ నిలబడింది. బ్రోకరు గారు మాత్రం గొడుగు తెరిచి, వచ్చే నెలకి ఎలాగూ వాళ్ళు లేస్తారని ధీమాగా చెప్పారు.

ఇంకో వారం ఒక ఇంటిని ముందు వైపు నుంచి చూపించారు, అది మాకు నచ్చలేదు. ఆ పై వారం అదే ఇంటిని వెనక సందు నుంచి తీసుకెళ్ళి కొత్త ఇల్లని చూపించారు. ఆ సంగతి మా పాప కనిపెట్టింది. అక్కడి పిల్లిని గుర్తుపట్టి. బస్సు స్టాపుకి అయిదు నిమిషాలంటే అరగంట నడక. ఇంటాయన ఉన్నప్పుడు తాళంచెవి ఉండదు, తాళంచెవి దొరికిన రోజు బ్రోకరు ఉండరు. నాకు అరికాళ్ళ మంట నెత్తికెక్కేది. మా ఆవిడ రాత్రంతా నిలబడి డ్యూటీ చేసి, చర్చికి వెళ్ళి, ఆ ఎండలో మళ్ళీ నడిచేది. ఆమె ఒక్కనాడూ విసుక్కోలేదు, గొణుక్కోలేదు. ఏదో లెక్క తేల్చుకుంటున్నట్టు ఉండేది.

ఆ లెక్క అయిదో ఆదివారం తేలింది. ఆ రోజు చూసిన ఇల్లు నిజంగా బాగుంది. రెండు గదులు, గాలి తగిలే వంటిల్లు, వెనక బావి. ఆస్పత్రికి నడిచి వెళ్ళేంత దూరం. మా ఆవిడ స్వయంగా చేద వేసి నీళ్ళు తోడి, దోసిట్లో పోసుకుని రుచి చూసింది. ఇంటాయన రిటైరైన ఉద్యోగి. పడక్కుర్చీలో కూర్చుని నేనేం పాఠాలు చెబుతానో అడిగారు. పిల్లలకి లెక్కలు సరిగ్గా చెప్పేవాళ్ళు కరువైపోయారన్నారు. ఇల్లు మాదైపోయిందనే అనుకున్నాను. అప్పుడాయన మామూలుగా, "ఇంతకీ మీరేమిట్లండీ?" అని అడిగారు.

నేను నోరు తెరిచేలోపే బ్రోకరు అందుకున్నారు. "మన వాళ్ళేనండీ. ఆ విషయంలో మీరేం సందేహం పెట్టుకోకండి."

నేను మాట్లాడలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఇది రాయడానికి నాకు కష్టంగానే ఉంది. తల వంచుకుని గచ్చు మీద ఎండ పడ్డ చోటు చూస్తూ నిలబడ్డాను. ఇల్లు బాగుంది, వదినగారు దొడ్లో ఎండలో కూర్చుంటున్నారు, ఒక్క అబద్ధం, అదీ నేనాడింది కాదు. ఇలా ఏవేవో సర్దిచెప్పుకున్నాను.

మా ఆవిడ చేదని బావి గట్టు మీద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంది. "మేం క్రైస్తవులమండీ," అంది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

ఇంటాయన చెడ్డ మనిషి కాదనుకుంటాను. కుర్చీలోంచి లేచి నిలబడ్డారు, ఏం చేయాలో తోచనట్టు పైపంచె సర్దుకున్నారు. మా అల్లుడి తమ్ముడు ఈ ఇల్లు అడిగినట్టు గుర్తు, కనుక్కుని చెబుతానన్నారు. పాపకి ఒక అరటిపండు కూడా ఇచ్చారు. మేం నమస్కారం పెట్టి వచ్చేశాం.

కాలవ గట్టు మీద నడుస్తున్నప్పుడు మా ఆవిడ అడిగింది. "మీరెందుకు మాట్లాడలేదు?"

"ఇల్లు బాగుంది కదా అని," అన్నాను.

"నాకూ నచ్చింది," అంది ఆమె. పాపకి అరటిపండు ఒలిచిపెడుతూ ముందు నడిచింది. తిట్టినా బాగుండేదనిపించింది.

మర్నాడు ఆమె డ్యూటీ నుంచి వచ్చి పడుకోలేదు. నా నోటుబుక్కులోంచి ఒక కాగితం చించమని అడిగి, గుమ్మంలో కూర్చుని రాసింది. మేం క్రైస్తవులం. ఆయన బడిపంతులు, నేను నర్సుని. చేపలు, మాంసం వండుకుంటాం. నాకు వేళాపాళా లేని డ్యూటీలు, పొద్దున అందరూ లేచే వేళకి ఇంటికొస్తాను, చూసి ఏమీ అనుకోకూడదు. బుధవారం సాయంత్రం ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటాం, పాటలు పాడతాం, పదిమంది వస్తారు. పాప గోడల మీద బొమ్మలు గీస్తుంది, ఖాళీ చేసేటప్పుడు సున్నం వేయించి ఇస్తాం. ఇవన్నీ సమ్మతమైతేనే మమ్మల్ని పిలవండి. కింద సంతకం కూడా పెట్టింది.

ఆ కాగితం పట్టుకుని ఇద్దరం వన్ టౌన్ వెళ్ళాం. బ్రోకరు గారు కళ్ళజోడు లేదని నన్ను చదవమన్నారు. నేను చదువుతుంటే సైకిలు షాపతను కూడా పంక్చరు వేయడం ఆపి విన్నాడు. అంతా విని బ్రోకరు గారు తల అడ్డంగా ఊపారు.

"ఇది ఇల్లు అడిగే చీటీ కాదమ్మా. ఇల్లు వద్దనిపించుకునే చీటీ."

"వద్దనేవాళ్ళు మేం వెళ్ళకముందే వద్దంటారు కదండీ," అంది మా ఆవిడ. "మా ఆదివారాలు మాకు మిగులుతాయి. మీరు ముందు ఇది వినిపించండి. సరేనన్న ఇల్లు ఒక్కటైనా చాలు, అదే చూస్తాం."

ఆయన చాలాసేపు నసిగారు. పాతికేళ్ళుగా ఈ పనిలో ఉన్నాననీ, ముందు మనిషిని మనిషికి చూపించాలనీ, చూశాక మొహమాటానికైనా చాలామంది ఒప్పుకుంటారనీ చెప్పారు. మొహమాటంతో ఇచ్చిన ఇంట్లో మొహమాటంగానే బతకాలి కదా అందామె. చివరికి ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నారు.

మూడు వారాలు ఏ కబురూ లేదు. మా ఆవిడ ఆదివారం మధ్యాహ్నాలు హాయిగా నిద్రపోయింది. నాకు మాత్రం కాలు నిలవలేదు. ఆమెకి చెప్పకుండా ఒక ఆదివారం ఇంకో బ్రోకరుతో వెళ్ళాను. అతను ఇప్పుడే తాళంచెవి తెస్తానని సైకిలెక్కి వెళ్ళాడు. మూసిన తలుపు ముందు అరుగు మీద రెండు గంటలు కూర్చున్నాను. అతను రానేలేదు. ఇంటికొచ్చి జరిగింది చెప్పేశాను. ఆమె నవ్వలేదు. అన్నం పెట్టి, చల్లటి మజ్జిగ కలిపి ఇచ్చి, ఎండన పడి వచ్చారు కాసేపు పడుకోండి అంది.

ఆ తర్వాత గురువారం సాయంత్రం మా బ్రోకరు గారే వెతుక్కుంటూ మా వదినగారింటికి వచ్చారు. ఆయన మా దగ్గరికి రావడం అదే మొదటిసారి. చీటీ విని ఆరుగురు వద్దన్నారట. వద్దన్న ఆరిళ్ళకీ మమ్మల్ని తిప్పే పని తప్పింది కాబట్టి తనకీ నడక తగ్గిందని ఒప్పుకున్నారు. ఏడో ఇల్లు భవానీపురంలో. ఆ ఇంటావిడ చీటీ రెండుసార్లు చదివించుకుని, "ఈ రాసినమ్మాయిని తీసుకురా," అన్నారట.

భవానీపురంలో ఏటి వైపు పోయే సందులో చివరి డాబా అది. ఇంటివాళ్ళది బందరు అవతల సముద్రపొడ్డు ఊరు. చేపల వ్యాపారం. భర్త కొల్లేరు వైపూ సముద్రం వైపూ తిరిగి సరుకు తెస్తే, ఊళ్ళో అమ్మకాలన్నీ ఆవిడే చూసుకునేది. యాభై ఏళ్ళుంటాయి, నల్లగా, బలంగా ఉంది. మమ్మల్ని నులకమంచం మీద కూర్చోబెట్టి, మీ సంగతి మీరు చెప్పుకున్నారు కాబట్టి ఇక మా సంగతి వినమంది. తెల్లారకుండా లారీలో చేపల బుట్టలొస్తాయి, ముందు వాకిట్లోనే దించుతారు. ఐసు నీళ్ళు గుమ్మం దాకా పారతాయి. వాసన ఎంత కడిగినా పోదు. వానాకాలం సందులో మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి. వంటింట్లో పడమటి గోడ చెమ్మ. తన భర్త మామూలుగా మాట్లాడినా పోట్లాడుతున్నట్టుంటుంది.

వాసన పెద్దగా ఏం లేదని బ్రోకరు గారు అడ్డొచ్చారు.

"నువ్వూరుకోవయ్యా," అందావిడ. "ఇంతకుముందు నువ్వు అలా చెప్పి తెచ్చిన రెండు కుటుంబాలూ నెల తిరక్కుండా పోయాయి. ముక్కు మూసుకుని మా గుమ్మంలోంచి నడుస్తుంటే నాకెలా ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించావా?" తర్వాత మా ఆవిడ వైపు తిరిగి, "ఇప్పుడేం చెప్పకమ్మా. రేపు తెల్లారగట్ల వచ్చి, బుట్టలు దించేటప్పుడు నిలబడి చూసి, అప్పుడు చెప్పు," అంది.

మర్నాడు తోటి నర్సుకి అప్పజెప్పి, ముందే డ్యూటీ దిగి మా ఆవిడ నేరుగా అక్కడికే వచ్చింది. నేను పాపని ఎత్తుకుని వెళ్ళాను. బుట్టలు దిగుతున్నాయి. వాసన సంగతి ఆవిడ తగ్గించి చెప్పలేదు. మా ఆవిడ తెల్ల చీర కుచ్చెళ్ళు కాస్త పైకి దోపుకుని ఐసు నీళ్ళలోంచి నడిచి వెళ్ళి, ఒక పనివాడి చెయ్యి పట్టుకుని చూసింది. ముల్లు గుచ్చుకుని వాచిపోయి ఉంది. సాయంత్రం ఆస్పత్రికి వచ్చి చూపించుకోమని గట్టిగా చెప్పింది. తర్వాత గడప మీద నిలబడ్డ ఇంటావిడతో, "మాకు సమ్మతమేనండీ," అంది. నన్ను అడగలేదు. అడగక్కర్లేదని నాకూ తెలుసు.

ఆ ఇంట్లో ఏడేళ్ళున్నాం. మా రెండోపిల్ల అక్కడే పుట్టింది. ముక్కుకి ఆ వాసన నెల రోజుల్లో అలవాటైపోయింది. మా బట్టలకి కూడా పట్టి ఉంటుంది, స్కూల్లో తోటి టీచర్లు నా పక్కన కూర్చోవడానికి ఒకటి రెండుసార్లు తటపటాయించారు. చెమ్మ గోడ చెప్పినట్టే ఉండేది. వానలకి సందు చెప్పినట్టే మునిగేది. చెప్పని లోపం ఒక్కటీ బయటపడలేదు, అందుకనేమో వేటి మీదా మాకు కోపం రాలేదు. ఇంటాయన గొంతు విని మొదట్లో పాప ఏడ్చేది. తర్వాత ఆ గొంతు వినిపిస్తే కొల్లేరు నుంచి తేగలు తెచ్చాడేమోనని పరిగెత్తేది.

బ్రోకరు గారు అప్పుడప్పుడు ఎవరినో ఒకరిని వెంటబెట్టుకుని వచ్చేవారు. ఇల్లు దొరకని ఒక దర్జీ కుటుంబం, భర్త వదిలేసిన ఒక టీచరమ్మ. వీళ్ళ సంగతి కూడా కాస్త రాసిపెట్టమ్మా అని అడిగేవారు. ఆమె కూర్చోబెట్టి, అన్నీ అడిగి తెలుసుకుని రాసిచ్చేది. అందరికీ ఇళ్ళు దొరకలేదు. టీచరమ్మకి దొరకనేలేదు, చివరికి మంగళగిరిలో ఉన్న అన్నగారింటికి వెళ్ళిపోయింది. ఆ కబురు విన్న రోజు మా ఆవిడ చాలాసేపు పనేమీ చేయకుండా కూర్చుంది. ఆమె అలా కూర్చోవడం నేను ఎక్కువసార్లు చూడలేదు.

ఈమధ్య మా పిల్లలు ఈ కథ చెప్పమంటే, బావి దగ్గర నేను నోరు మెదపని సంగతితో సహా చెబుతాను. మీ అమ్మకి ఉన్న ధైర్యం నాకు లేదని కూడా చెబుతాను. ఆమె పక్క గదిలోంచి వింటూ, ధైర్యమేం కాదు, రాత్రి డ్యూటీలు చేసి ఎండలో తిరిగే ఓపిక లేక అలా రాశానంటుంది. నిద్ర కోసమే రాశానంటుంది. అది ఆమె చెప్పే తీరు. నేను మాత్రం ఆ మాట ఎప్పుడూ నమ్మలేదు.