వదిన రాసింది, మరిది గీశాడు

వారపత్రిక కార్యాలయంలో టైపు కొట్టే ఆవిడకు ఒక బొమ్మల కథ తట్టింది. కదిలే రైలెక్కి దొంగను పట్టుకునే, మంత్రి బల్ల కింద దూరి వార్త లాక్కొచ్చే విలేకరి పిల్ల కథ. సంపాదకుడికి నచ్చింది. బొమ్మలు వేసే పని మాత్రం ఆవిడ మరిదికి పడింది. పత్రికలో చిత్రకారుడు అతనొక్కడే.

ఒకే ఇంట్లో ఉంటున్నా ఇద్దరికీ అప్పటికే పడేది కాదు. మొదటి వారం పత్రిక వచ్చేసరికి విలేకరి పిల్లకు ఆవిడ ఎత్తుపళ్ళే ఉన్నాయి. వీధి వీధంతా పోల్చుకుంది.

"ఆ పళ్ళెవరివి?" అని మరిదిని నిలదీసింది.

"పళ్ళ సంగతి మీరేం రాయలేదుగా వదినా! నాకు తోచినవి పెట్టాను."

మరిదికి గుర్రాలు చేతకావని, వేస్తే మేకల్లా వస్తాయని ఆవిడకు తెలుసు. తరువాతి కథంతా గుర్రప్పందేల మైదానంలోనే నడిపింది. అతను తిట్టుకుంటూ మైదానం నిండా దుమ్ము గీసి, అందులోంచి నాలుగు తోకలు బయటపెట్టాడు. జనం పడీపడీ నవ్వారు. ఆవిడ సైకిళ్ళ గుంపులు రాసింది, ఊరేగింపులు రాసింది. ఆవిడ ఏం రాసినా అతను చివరి బొమ్మలో ఆ పిల్లను బురదగుంటలో తలకిందులుగా పడేశాడు.

పత్రిక ఎగబడి కొన్నారు. "మీరు రాజీపడ్డారంటే నా కొంప మునుగుతుంది," అన్నాడు సంపాదకుడు. ఇంట్లో ఆవిడ భర్త ఇద్దరి మధ్యా తల వంచుకుని తినేవాడు. ఉప్పు కావాలన్నా ఆయన చేతే అడిగించేవారు.

ఒక వేసవిలో ఆవిడకు జ్వరం వచ్చి కథ అందలేదు. మరిది తానే రాసి తానే గీశాడు. విలేకరి పిల్ల పెన్ను పారేసి, పెళ్ళి చేసుకుని, పొయ్యి ముందు గరిటె తిప్పుతోంది. కింద పెద్దక్షరాలతో 'సమాప్తం'.

ఆవిడ జ్వరంతోనే కార్యాలయానికి వెళ్ళింది.

"ఎవర్నడిగి ముగించావు?"

"ఎన్నాళ్ళని వీధులంట తిరుగుతుంది? ఓ దారిన పెట్టాను."

ఆవిడ అతని బల్ల మీది ఇంకు సీసా తీసి, ఆరబెట్టిన బొమ్మల మీద నింపాదిగా వంచింది. అతను చెయ్యి పట్టుకుని వెనక్కి తోశాడు. సంపాదకుడు అడ్డం వచ్చి, "పాఠకులకు పెళ్ళి నచ్చిందమ్మా, పోనిద్దూ," అన్నాడు. ఆయన వైపు కూడా అసహ్యంగా చూసి ఆవిడ బయటికి నడిచింది.

ఉద్యోగం మానేసి, భర్తతో వేరు కాపురం పెట్టింది. పోటీ పత్రికలో ఇంకో పేరుతో ఆ పిల్లనే మళ్ళీ పరుగెత్తించింది. కొత్త చిత్రకారుడు ఏదడిగితే అది చక్కగా వేసేవాడు. ఎవరికీ నవ్వు రాలేదు. కొన్ని నెలలకే ఆపేశారు. మరిది సొంతంగా మొదలెట్టిన కథా అలాగే చప్పబడింది.

భర్త ఒకసారి ధైర్యం చేశాడు. "మీరిద్దరూ కలిస్తేనే కదా అది నడిచింది."

"నాకు తెలీదా? అయినా వాడి గుమ్మం తొక్కను."

తొక్కలేదు కూడా. ఒక వకీలు దగ్గర టైపు పనికి కుదిరింది. మరిది పెళ్ళికి భర్తను ఒక్కణ్ణే పంపించి, తను పనికి వెళ్ళింది.