కొసరు కింద అడిగిన ఊరు

బేరం ఆడకుండా కొన్న వస్తువు మా ఇంట్లో ఎవరికీ సయించేది కాదు. నార్కట్‌పల్లి రోడ్డు మీద మా కిరాణా దుకాణం. ఉప్పు నుంచి కిరసనాయిలు దాకా అమ్మే ఆ గడపలో పెరిగినవాణ్ని. వీడికి మాటలకన్నా ముందు బేరం వచ్చిందని మా అమ్మ అనేది. బాపు నేర్పిన సూత్రం ఒక్కటే: నీకు నిజంగా కావలసిన సరుకు వైపు చూడనే చూడకు. పక్కదాన్ని బేరమాడు, కావలసినదాన్ని కొసరు కింద అడుగు. తూకం అయ్యాక పైన వేసే పిడికెడే కొసరు. ఆ పిడికెడు రాబట్టలేనివాణ్ని మా ఇంట్లో మనిషి కింద లెక్కగట్టేవాళ్లు కాదు.

ఈ సూత్రాన్ని నమ్ముకునే, అరవైల చివర్లో, మా మేనత్తను సాగర్ నీళ్ల మీద తిప్పి తీసుకురావడానికి బయల్దేరాను. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ నోట్లో నీచు తగులుతుంది.

అత్త బాపుకు అక్క. ఆమె అత్తగారి ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది. ఆనకట్ట లేచాక మునిగింది. ఊరు ఖాళీ చేసిన రోజుల్లో ఆమె మా ఇంట్లో జ్వరంతో మంచం పట్టి ఉంది. లేచి నడిచేసరికి ఊరి మీద నీళ్లు. మామ అప్పటికే లేడు. ఆస్తి గురించి ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. "పోయొస్తనని ఊరికి చెప్పలేదురా," అనేది, అంతే. ఒక కన్ను అప్పటికే పొర కమ్మి పోయింది. రెండోది మసకబారుతోంది. "గీ కన్ను గూడ పోకముందే ఒక్కపారి గా జాగ మీదికి తీస్కపో అల్లుడా" అని నా వెంటబడింది.

రేవు దగ్గర బస్సు దిగగానే, "మా ఊరి మీదికి పోవాలె అని సీదా అడుగు," అంది.

"నువ్వు మాట్లాడకు అత్తా. నీ మొకంల ఆశ చూస్తె రేటు చెట్టెక్కుతది."

నీళ్ల మధ్యలో ద్వీపంలా మిగిలిన కొండను చూడటానికి జనం వచ్చేవాళ్లు. ఎక్కడానికి మూడు రకాల పడవలున్నాయి. మొదటిది లాంచీ. టికెట్ల కిటికీ కింద గోడంతా తాంబూలం ఉమ్మి. లోపలి మనిషి తల ఎత్తకుండానే, "కొండ దాక పోతది, మళ్ల ఈడికే వస్తది," అన్నాడు.

"నడిమిట్ల జర ఆపరా?"

"గిది బస్సు గాదు."

బేరానికి సందు లేని చోట నాకు ఊపిరాడదు. బయటికొచ్చేశాను.

రెండోది ఒక ముసలి చేపలతని పుట్టి, గంపలాంటి గుండ్రటి పడవ. అడుగున నిలిచిన నీళ్లలో పొలుసులు తేలుతున్నాయి. అతను నన్ను వదిలేసి అత్తను అడిగాడు: "ఏ ఊరమ్మా?" ఆమె చెప్పింది. "తీస్కపోత," అని కిరాయి చెప్పాడు. తగ్గించమన్నాను. "నాకు పడదు," అని మళ్లీ వల సర్దుకోవడంలో పడ్డాడు.

"దీంట్ల కూసుంటె వారం దినాలు ఈగలు మన్నిడువయి," అన్నాను అత్తతో.

మూడోది మోటారు పడవ. మెడలో ఎర్ర తువ్వాలు, నోట్లో పాన్ ఉన్న మనిషి ఎదురొచ్చి "రా సేటూ" అన్నాడు. సేటూ అన్న మాటకే నేను సగం అమ్ముడుపోయానని అప్పుడు తెలియలేదు. కొండ గురించే బేరం నడిపాను. కొండంటే నాకు ప్రాణమన్నట్టు, కానీ అతని పడవ నచ్చనట్టు మొహం పెట్టాను. రెండుసార్లు వెనుదిరిగి పోయాను, రెండుసార్లూ పిలిపించుకున్నాను. చెప్పినదాంట్లో సగానికి దిగాడు. అప్పుడు, డబ్బులు తీస్తూ, "వచ్చేటప్పుడు మా ముసలామెకు మునిగిన ఊరొకటి చూపెట్టాలె. ఊరకనే," అన్నాను.

"గదెంత పని సేటూ. ఒకటేంది, రెండు చూపెడత."

ఊరి పేరు అడగలేదు. అది అతని మంచితనం అనుకున్నాను.

"చూస్తివా అత్తా?"

ఆమె నా మొహంలోకి చూసి, "మన కొసరు డబ్బాల ఏముంటదిరా?" అంది.

మా దుకాణంలో కొసరుకు వేరే డబ్బా ఉండేది. బస్తాల అడుగున మిగిలిన నూకలు, పురుగు తొలిచిన పప్పు అందులో పోసేవాళ్లం. నేను పడవెక్కాను.

కొండకు పోయేదాకా డీజిలు పొగ. ఒక పిల్లవాడు పడవలోనే కక్కుకున్నాడు. ఎర్ర తువ్వాలువాడు రేకు డబ్బాతో నీళ్లు తోడి అది కడిగి, అదే డబ్బాతో నదిలో ముంచి ఎవరో దాహమంటే తాగడానికి ఇచ్చాడు. ఆ మనిషి తాగాడు. కొండ మీద మెట్లన్నీ అరటి తొక్కలు. నల్లటి నూనెలో పకోడీలు వేగుతున్నాయి. ఒకాయన ఎప్పటిదో పాతరాయి మీద మేకుతో తన పేరు గీస్తుంటే భార్య గొడుగు పట్టింది. అత్త ఏదీ చూడలేదు. నీడన కూర్చుని, "ఇగ పోదమా?" అని మాత్రం అడుగుతూ ఉంది.

తిరుగుదారిలో పడవ కాస్త నెమ్మదించింది. ఇంజను ఆగలేదు.

"గిదే అమ్మా మీ ఊరు. దండం పెట్టుకో."

మునిగిన ఊరనగానే పడవలోని జనమంతా ఒకే పక్కకు లేచారు. ఎవరో పల్లీ పొట్టు ఆ నీళ్లలోకి విసిరారు. అత్త చేయి అడ్డం పెట్టుకుని దూరంగా ఉన్న గుట్టల వైపు చూసింది.

"గిది మా ఊరు గాదు. మా గడపల నిలబడి చూస్తె గా రెండు గుట్టలు ఒకదానెన్క ఒకటుండి ఒక్కటే లెక్క కనబడ్తయి. ఈడ పక్కపక్కన ఉన్నయి."

"నీళ్లొచ్చినంక గుట్టలు గూడ జరిగినయమ్మా."

పడవంతా నవ్వింది. వాళ్ల పళ్ల మధ్య పల్లీలు కనిపించాయి.

"ఒప్పుకున్నవు గద," అన్నాను ఎర్ర తువ్వాలువాడితో.

"ఒప్పుకున్న. చూపెట్టిన. కొసరు మంచిగ లేదని తూకం వాపస్ చేస్తరా సేటూ?"

ఈ మాట మా గల్లాపెట్టె ముందు నేనే ఎందరితోనో అన్నాను. వాడి నోట వినేసరికి అది ఎంత పాచిమాటో తెలిసింది.

ఒడ్డు చేరగానే అత్త నా కోసం ఆగలేదు. నేరుగా పుట్టి దగ్గరకు పోయింది. ముసలతను గాలి వాటం చూసి, "పోవచ్చు. గాలి లేస్తాంది, ఒక్కలే ఎక్కాలె," అన్నాడు. నేను నోరు తెరిచాను.

"నువ్వు నోరు మూస్కో అల్లుడా."

కొంగు ముడి విప్పి అతను చెప్పిన కిరాయి చేతిలో పెట్టింది. చీర కుచ్చెళ్లు ఎత్తకుండానే ఆ పొలుసుల నీళ్లలో కూర్చుంది. పుట్టి గిరగిరా తిరుగుతూ, ఒడ్డు వెంబడే ఎగువకు సాగి మలుపు దాటింది.

నేను రేవులోనే కూర్చున్నాను. కుళ్లిన చేప తలల మీద కాకులు కొట్లాడుకుంటున్నాయి. నా వెనుక ఎర్ర తువ్వాలువాడు కొత్త జనాన్ని పిలుస్తున్నాడు: "రాండ్రి సేటూ, కొండ చూపెడతం, మునిగిన ఊరు గూడ చూపెడతం. ఊరకనే." వాడికి ఆ సరుకు అందించింది నేనే. కొనేవాళ్లు ఎగబడి ఎక్కుతున్నారు.

పొద్దు వాలుతుండగా పుట్టి తిరిగొచ్చింది. అత్త చీర మోకాళ్ల దాకా తడిసి జిగటగా అంటుకుపోయింది.

"దొరికిందా?"

"ఆఁ."

"ఏం కనబడ్డదత్తా?"

"నీళ్లే. గుట్టలు మాత్రం ఒక్కటైనయి. చెప్పొచ్చిన," అని, బస్సు ఏ పక్క ఆగుతుందని అడిగింది.

బస్సులో ఆమె కూర్చోగానే ముందువాళ్లు ముక్కు మూసుకున్నారు. పక్కనున్న ఆడమనిషి ఏదో గొణుక్కుంటూ లేచి అవతలికి పోయింది. నిజం చెప్పాలంటే నేనూ కిటికీలోంచి తల బయటపెట్టాను. అత్త ఖాళీ అయిన సీటు మీద కాళ్లు చాపుకుని, నార్కట్‌పల్లి వచ్చేదాకా గురక పెట్టి నిద్రపోయింది.