బుడగలు ఆగేదాకా

తార్నాకలో లక్ష్మీనర్సయ్య సారు పేరు తెలియనివాళ్లు లేరు. అయినా ఆ పేరు అచ్చులో చూసుకోవాలని ఆయనకు మహా కోరిక. యూనివర్సిటీలో ఇంజనీరింగు పాఠాలు చెప్పేవాడు. పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, ఇటుక కట్టుబడికి తెలుగులో నియమాల పుస్తకం రాసే కమిటీలో ఆయన్ని వేశారు. ఇంకేం, మౌలాలి చుట్టాల దాకా టాంటాం వేశాడు. రాబోయే పుస్తకం కోసం భార్య అమృతమ్మ గోడలో గూడు కూడా తుడిచి పెట్టింది.

కమిటీ రాసే తీరే వేరు. ఒకరు రాసింది ఇంకొకరు కొట్టేసి, తిరగరాసి, పక్కవారి ముందుకు తోసేవారు. అంతా అయ్యాక కమిటీ పెద్ద పార్థసారథి గారు అందరికీ ఒక షరతు చదివి వినిపించారు. మాటల మీద హక్కు కమిటీదే, ఒక్క ముక్క మార్చకుండా ఎవరైనా అచ్చేసుకోవచ్చు, ఎవరి పేరూ ఉండదు. అందరూ ఒప్పుకుని సంతకం పెడితేనే అచ్చు.

"పేరు లేకుంటే నేను పెట్ట. కనీసం నా వాక్యం కిందనన్న వెయ్యుండ్రి," అన్నాడు సారు.

"ఏది మీ వాక్యం?" అన్నారు పార్థసారథి గారు.

సారు ఠక్కున రాతప్రతిలో ఒక వాక్యం మీద వేలు పెట్టాడు: 'బుడగలు ఆగేదాకా ఇటుకను నీళ్లలో ఉంచాలి.'

కుర్ర లెక్చరర్ కొమురెల్లి గొంతు సవరించుకున్నాడు. "సార్, గది నేను రాసిన. మీరు 'తగినంత తడపాలి' అని రాసిండ్రు. నాది జూసి మీరే మీది కొట్టేసిండ్రు గద."

పాపం, సారుకు తల తీసేసినట్టయింది. సంతకం పెట్టకుండానే ఇంటిదారి పట్టాడు.

ఇంట్లో వాడకట్టు ఆడవాళ్లంతా చేరి, పక్కింటి ఈరమ్మ బిడ్డతో అత్తగారింటికి పంపే సారెకు సకినాలు చుడుతున్నారు. తనకు దక్కని పేరు భార్యకైనా దక్కుతుందని సారు గుండ్రటి సకినమొకటి చూపి, "గిది నీ చేతిదే గద?" అన్నాడు భార్యతో.

"నాదో భారతమ్మదో, ఎవరికెరుక? అత్తగారింట్ల పంచేటప్పుడు పిల్ల పేర్లు జెప్తదా ఏంది?" అంది అమృతమ్మ.

"మంచియన్ని నాయే అంటరు. వంకరయి ఎవ్వరియి గావు," అని ఈరమ్మ అందుకుంది.

అందరూ పకపకా నవ్వారు. సారుకు నవ్వు రాలేదు గాని, మర్నాడు పొద్దున్నే పోయి సంతకం పెట్టాడు.

పుస్తకం వచ్చిననాడు అమృతమ్మ అట్ట తిప్పి తిప్పి చూసింది. "నీ పేరేదయ్యా?"

"ఎవ్వరిది లేదు. గీ మాట ఇను, ఎంత మంచిగున్నదో," అని ఇటుక వాక్యం చదివాడు. "మా కొమురెల్లిది."

"మరి నీది?"

సారు పుస్తకం మూసి ఆమె చేతికిచ్చాడు. "నాది నేనే కొట్టేసిన. వానిదే బాగుండె."

అమృతమ్మ ఇంకేమీ అడగకుండా పుస్తకాన్ని ఆ తుడిచిన గూట్లోనే పెట్టింది.