నరసింగరావు రెండు బళ్ల పోటీ

నౌపడ నరసింగరావుకి ఒకటే జబ్బు. లోకంలో ఏ సంగతైనా తన పాత అంబాసిడర్ కారుతోనో, పాత పద్మిని కారుతోనో పోలిస్తే గాని ఆయనకి అర్థం కాదు.

"ఉప్మా ఎలాగున్నాది?" అని భార్య ఈశ్వరి అడిగితే, "ఇది అంబాసిడర్ ఉప్మా. నెమ్మదిగా దిగుతాది, దిగితే కదలదు" అంటాడు. మేనకోడలికి రెండు సంబంధాలొస్తే పెద్దల మధ్య కూర్చుని, "ఈ కుర్రాడు పద్మిని. పికప్ బాగుంటాది, మెయింటెనెన్సే సూసుకోవాల" అన్నాడు. ఆ కుర్రాడు పక్క కుర్చీలోనే ఉన్నాడు.

అంత పోల్చీ ఏది గొప్పో మాత్రం తేల్చడు. గతుకుల్లో అంబాసిడర్ ఊయలే, కానీ ఉప్పుగాలికి అడుగు తుప్పట్టి కాళ్ల కింద రోడ్డు కనిపిస్తుంది. పద్మిని పిట్టలా దూసుకుపోతుంది, కానీ ఎండెక్కితే అలుగుతుంది. దాని రేడియేటర్ తాగే నీళ్లతో ఓ మడి తడపొచ్చు. పైగా వారానికి రెండుసార్లు టెక్కలి దాకా 'టెస్టు'. ఒకసారి ఈ బండి, ఒకసారి ఆ బండి.

వాకిట్లో బట్టలారేయడానికి జాగా లేక ఈశ్వరికి ఒళ్లు మండింది. నరసన్నపేట నుంచి తమ్ముడు శివాజీని పిలిపించింది. మంచిది ఉంచుకుని రెండోది వాడికిచ్చి పంపేయాలని.

"ఏ బండి ఇస్తావు బావా?"

"ఇంకా తేల్లేదురా."

"ఇన్నాళ్లూ ఏటి తేల్చినావు?"

"మొన్నటి టెస్టులో టైర్ల గాలి తేడా వచ్చింది. లెక్కలోకి రాదు."

"ఇయ్యాల తేలకపోతే రెండూ పోతాయి" అంది ఈశ్వరి. నరసింగరావు మొహం బ్యాటరీ దిగిపోయిన హెడ్‌లైటులా అయింది.

అంతలో లక్ష్మణమ్మ వచ్చింది. ఎండుచేపలమ్ముకునే ముసలామె. కిడ్నీలు పాడై టెక్కలి ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకుంటోంది. ఎవరి దగ్గరా ఊరికే ఏదీ పుచ్చుకోదు. అరటిపండు పెడితే సాయంత్రానికి పిడికెడు నెత్తళ్లు తెచ్చి గుమ్మంలో పెట్టేస్తుంది.

"ఇయ్యాల ఏ బండి బాబూ?"

"నీకెందుకమ్మా?" అంది ఈశ్వరి.

"నీకు సెప్పలేదేటి? ఎనక సీట్లో ఎప్పుడూ ఒకే బరువుండాలంట. మనిషి మారితే లెక్క తప్పుతాదంట. ఆటోలో సుఖంగా ఎల్లిపోదును. ఏటి సేస్తాం, పాపం, అడిగినాడు. ఈ రెండు బళ్ల గోల తేలిందాకా సాయం సేస్తన్నాను."

నరసింగరావు బానెట్‌లో తల దూర్చేశాడు. ఒక బండి పోతే పోటీ ఉండదు. పోటీ లేకపోతే లక్ష్మణమ్మ కారెక్కదు. ఈశ్వరికి లెక్క తేలిపోయింది.

"ఒరే శివాజీ, నువ్వు అన్నం తినెల్లు. ఎండాకాలం టెస్టే అయింది. వానాకాలంది అవ్వాల."

"నువ్వే కదే అక్కా పిలిసినావు?"

"పిలిసినాను. ముందు సీటు బరువు లెక్కే మర్చిపోయినారు మీ బావ" అంటూ పద్మిని తలుపు తీసి కూర్చుంది. బండి ఆ పక్కకి ఒరిగింది.

లక్ష్మణమ్మ ఆవిణ్ణి ఎగాదిగా చూసింది.

"అయితే అంబాసిడరే తియ్యి బాబూ" అంది.