ఆరంకెల బతుకమ్మ

సూర్యాపేట బడిలో లెక్కలు చెప్పే వీరేశం సారు దారిన పోతున్నా ఆయన చూపుడువేలు గాలిలో అంకెలు వేస్తూనే ఉండేది. ఆయన మనసు పడ్డ సంఖ్య ఒకటే, 142857. రెండుతో హెచ్చవేస్తే 285714, మూడుతో అయితే 428571. ఆరు దాకా దేనితో హెచ్చవేసినా అవే అంకెలు, గుండ్రంగా చూస్తే అదే వరుస. ముందు నిలబడే అంకె మాత్రం మారుతుంది. బస్సు కోసం నిలబడ్డ ముక్కూముఖం తెలియనివాళ్లకు కూడా చూపించి మెప్పించాడు. మెచ్చనిది భార్య ముత్తమ్మ ఒక్కతే. "గా లెక్క అన్నం పెడతదా?" అని పొయ్యివైపు తిరిగేది. ఆయనకున్న దిగులల్లా అదే.

పందొమ్మిది వందల నలభై తొమ్మిదిలో, పండుగ ఆఖరుదైన తొమ్మిదో రోజు, సద్దుల బతుకమ్మ నాడు, ఆమె వాకిట్లో తంగేడు పూలు తుంచుతోంది. సారు ఆమె ముందే ముగ్గుతో ఆ అంకెల్ని గుండ్రంగా వేసి, ఒక్కొక్క హెచ్చవేతా చూపాడు. ముత్తమ్మ చేతిలో పువ్వు ఆగింది.

"ఓయమ్మో, గివి బతుకమ్మ ఆడుతున్నయ్ గదా! మరి ఏడుతోని?"

సారు ముందుకు జరిగాడు. "ఏడుతోని అన్నీ తొమ్మిదులే!"

"తొమ్మిది దినాలైనయా? అయితే ఆట ఖతం. ఇగ నీళ్లల్ల ఇడుసుడే," అంటూ ఆమె చెంబెత్తి ముగ్గు మీద గుమ్మరించింది. సారు పంచె తడిసింది.

పండుగ సెలవులయ్యాక బడిలో కూడా ఆ సంఖ్య పేరు బతుకమ్మే.