గోళ్ళరంగు చుక్క

పైడితల్లి ఎవర్నీ నమ్మదని ఊళ్ళో అందరూ అంటారు. అది పూర్తిగా నిజం కాదు. ఆమె కుట్టుబల్ల సొరుగులో గులాబీ గోళ్ళరంగు సీసా ఒకటి ఉంటుంది, దాన్ని నమ్ముతుంది. పిండిమరకు పంపే డబ్బా అడుగున ఒక చుక్క, సానకిచ్చే కత్తెర పిడి మీద ఒక చుక్క, పక్కింటికి కూర పంపిన గిన్నె అంచున ఒక చుక్క. వస్తువు ఇల్లు దాటి తిరిగొస్తే ముందు చుక్క వెతుకుతుంది, ఆ తర్వాతే తెచ్చినవాళ్ళని పలకరిస్తుంది. ఇంత రంగు వాడినా ఆమె గోళ్ళు మాత్రం ఎన్నడూ దాని మొహం చూడలేదు.

ఈ చుక్కల్లో ఎక్కువ భాగం ఆమె కంప్యూటర్ డబ్బా లోపలే ఉన్నాయి. రిపేరుకిస్తే మంచి పార్టులు పీకేసి చచ్చినవి పెడతారని ఎవరో చెప్పగా విన్నది మొదలు, లోపలున్న ప్రతి ముక్కకీ ఒక గులాబీ బొట్టు పెట్టింది.

వజ్రపుకొత్తూరు దాటి సముద్రం వైపు పోతే, జీడితోటలు పలచబడి ఇసుక మొదలయ్యే చోట వాళ్ళ ఊరు. భర్త పోలయ్య ఏడాదిలో ఎక్కువ భాగం గుజరాత్‌లోని వేరావల్‌లో బోటు మీదే ఉంటాడు. ఇల్లు నడిచేది ముందుగదిలో ఉన్న ఎంబ్రాయిడరీ మిషను మీద. చుట్టుపక్కల ఏ పిల్లకి పెళ్ళి కుదిరినా జాకెట్టు ఆ మిషను కిందికి రావలసిందే. ఆ మిషనుకి సొంత బుర్ర లేదు. పక్కనున్న పాత కంప్యూటర్‌లో ఒక కార్డు ఉంటుంది, అది చెప్పినట్టే సూది ఆడుతుంది. ఆ కార్డు కూర్చునే గాడి ఉన్నది ఆ పాత మదర్‌బోర్డులోనే. అలాంటి గాడితో బోర్డులు చేయడం ఎప్పుడో మానేశారు. అంటే ఆ బోర్డు పోయిన రోజున అంత మిషనూ పాత ఇనుము, పైడితల్లి మళ్ళీ పలాస జీడిబట్టీలో గింజలు కొట్టుకోవాలి. పెళ్ళయిన కొత్తలో ఆ పని చేసింది. జీడిసొన వేళ్ళ తోలు తినేసేది. అన్నం కలుపుకుంటే ఏడుపొచ్చేది.

మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడుతుండగా కంప్యూటర్‌లో హార్డ్‌డిస్కు టక్కుటక్కుమని కొట్టుకుని పోయింది. పైడితల్లి డబ్బాని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని పైడిరాజు ఆటోలో కాశీబుగ్గ వెళ్ళింది. అక్కడ కంప్యూటర్లు బాగుచేసే శ్రీకాంత్ కొత్తరకం డిస్కు పెట్టి చూశాడు. బోర్డు దాన్ని గుర్తుపట్టలేదు.

"డిస్కు బాగానే ఉందక్కా. మీ బోర్డుకే ఇదేటో తెలీదు. దీని బయోస్ పాతది."

"బయోసంటే ఏటి?"

"కరెంటు ఇచ్చీగానే బోర్డు కళ్ళు తెరిసి తన కాడ ఏయేటున్నాయో సూసుకుంటాది గదా, ఆ సూపు. దాన్ని అప్‌డేట్ సేస్తే కొత్త డిస్కు కనబడతాది. తరవాత విండోస్ ఎక్కించి డ్రైవర్లు యెయ్యాల. కంపెనీవోడు ఈ మోడల్ ఫైల్సన్నీ సైట్లోంచి తీసీసినాడు, యెతకాల. ఒగ్గీసి ఎల్లండి, వీలు సూసుకుని సేత్తాను."

అంతవరకూ చెప్పినదంతా బాగానే ఎక్కింది. ఒగ్గీసి ఎల్లమన్న మాట దగ్గరే ఆమె చెవులు నిక్కాయి.

"ఒగ్గీసి ఎల్తే రేపు ఒట్టి డబ్బా మిగుల్తాది."

శ్రీకాంత్ నవ్వాడు. "ఇందులో దొంగిలించడానికి ఏటుందక్కా? ఊరికే ఇచ్చినా మ్యూజియమోళ్ళు కూడా అట్టుకెల్లరు."

దాంతో ఆమె అనుమానం ఖాయమైంది. సరుకుని ఇంతలా తీసిపారేస్తున్నాడంటే దాని మీద కన్నుపడిందన్నమాటే. పైడితల్లి డిస్కు కొనుక్కుని, డబ్బా ఒళ్ళో పెట్టుకుని, వచ్చిన ఆటోలోనే తిరిగొచ్చింది. గుమ్మం దిగుతుంటే శ్రీకాంత్ వెనకనుంచి కేకేసి మరీ చెప్పాడు. "పొడుగ్గా కూసిందంటే భయపడకండి, ర్యామ్ సరిగ్గా కూకోలేదని. తీసి, తుడిసి, మళ్ళీ పెట్టండి!" ఈ ఉచిత సలహా వెనక ఏముందో అని దారంతా ఆలోచించింది.

ఇక ఫోన్ పట్టుకుని వెతకడం మొదలుపెట్టింది. గుమ్మంలో కూర్చుని ఎండుచేపల తలలు తుంచుతున్న అత్త బొడ్డమ్మ కోడలి గొణుగుడు విని అడిగింది.

"డ్రైవరు దొరకట్లేదేటే? పైడిరాజు ఖాళీగానే ఉన్నాడు, కేకెయ్యనా?"

"ఆ డ్రైవరు కాదత్తా. ఇది కార్డుకీ కంప్యూటరుకీ మజ్జిన ఉండి ఒకరి మాట ఒకరికి సెప్తాది."

"అయితే తగువుల పెద్దని సెప్పు. డ్రైవరని పేరేల పెట్టినారో!"

దొరకడానికేం, కుప్పలు తెప్పలుగా దొరికాయి. ప్రతి సైటులోనూ పచ్చటి బటన్, నొక్కమని బతిమాలుతూ. ఒకచోట ఎర్ర అక్షరాలతో హెచ్చరిక లేచింది: మీ కంప్యూటర్‌లో వందల లోపాలున్నాయి, వెంటనే సరిచేసుకోండి. పైడితల్లికి నవ్వాగలేదు. ఆమె చూస్తున్నది ఫోన్‌లో. కంప్యూటర్ మూలన తీగలు పీకేసి చచ్చిపడి ఉంది. వీధిలో నిలబడి పెరట్లో ఉన్న రోగి నాడి చూసే వైద్యుడు వీడు అనుకుని ముందుకు జరిగింది. ఇంకొకడు డ్రైవరు ఊరికే ఇస్తానని ఏటీఎం కార్డు నంబరడిగాడు. వాడిని తిట్టిన తిట్టు బొడ్డమ్మకి కూడా కొత్త.

చివరికి ఎక్కడో విదేశాల వాళ్ళు పాత బోర్డుల గురించి మాట్లాడుకునే పేజీ ఒకటి కనిపించింది. పదో తరగతి ఇంగ్లీషుతో, మిగతాది ఫోన్ చేత తెలుగులోకి మార్పించుకుంటూ చదివింది. ఒకతను కంపెనీ తీసేయకముందే అన్నీ దాచిపెట్టాడు. కార్డు డ్రైవరూ ఉంది, బయోస్ ఫైలూ ఉంది. పేరొక్కటే సరిపోదు, బోర్డు మీద చిన్న అక్షరాల్లో ఉండే రివిజన్ కూడా చూసుకోండి, ఒకదాని ఫైలు ఇంకోదానికి వేస్తే బోర్డు పోతుంది అని రాశాడు. పైడితల్లి డబ్బా విప్పి, దుమ్ము ఊది, టార్చి వేసి ఆ అక్షరాలు చూసుకుంది. సరిపోయాయి. కింద అతను అంకెలూ అక్షరాలూ కలిపిన పొడుగాటి వరస ఒకటి ఇచ్చాడు. ఫైలు దించుకున్నాక మీ దగ్గర కూడా ఇదే వరస రావాలి, ఒక్క అక్షరం తేడా వచ్చినా ఎవరో మధ్యలో మార్చారని అర్థం, వాడొద్దు.

పైడితల్లి ఆ వాక్యం మళ్ళీ చదివింది. ఫైలుకి గోళ్ళరంగు పెట్టాడు! ఎవరో ఏ దేశమో తెలియని ఆ మనిషి మీద చెప్పలేనంత ఆప్యాయత పొంగుకొచ్చింది. "ఎవుడో గానీ మనలాటోడే అత్తా" అంది. వరస సరిచూసుకుంటే అక్షరం తేడా లేదు. ఫోన్‌కే పెన్‌డ్రైవ్ తగిలించి ఫైళ్ళు అందులోకి ఎక్కించి చీర కొంగున ముడేసుకుంది.

ఆ పేజీలో ఆఖరి హెచ్చరిక దగ్గర ఆమె ఆగిపోయింది. అప్‌డేట్ జరుగుతుండగా కరెంటు పోకూడదు. పోతే బోర్డు ఇక లేవదు.

ఇంట్లో యూపీఎస్ ఉప్పుగాలికి ఎప్పుడో మూలపడింది. కొత్తది తెచ్చినా సమయానికి నిలబడుతుందని పూచీ ఎవరు? ఈ ఉద్దానం పల్లెల్లో కరెంటు సంగతి చెప్పనక్కర్లేదు, కొబ్బరిమట్ట ఒకటి తీగ మీదికి వాలితే చాలు. పైగా ఆ లైను చూసే లైన్‌మన్ ధనుంజయ్. ధనుంజయ్ పోలయ్య సొంత తమ్ముడు, పైడితల్లికి మరిది. తిత్లీ తుఫాను నాటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

అప్పట్లో పైడితల్లిది రేకుల ఇల్లు. తుఫాను వస్తోందని కంప్యూటర్‌ని ధనుంజయ్ శ్లాబింట్లో పెట్టింది. గాలికి అక్కడా కిటికీ ఊడి జల్లు కొట్టింది. ఊళ్ళోకి కరెంటు వచ్చాక ధనుంజయే దాన్ని మోసుకొచ్చి ఇచ్చాడు. పైడితల్లి వెంటనే డబ్బా విప్పింది. అన్నిటి మీదా చుక్కలున్నాయి, ర్యామ్ ముక్క మీద లేదు. ఇదేమిటని నిలదీస్తే అతను తడబడకుండా అన్నాడు, "దాన్ని తుడిసీసేను వదినా." తుడిచేశానని వాడే ఒప్పుకున్నాక ఇంకేం కావాలి? మంచిది మింగేసి చచ్చింది పెట్టాడని నలుగురిలో కడిగేసింది. అతను మళ్ళీ ఆ గుమ్మం ఎక్కలేదు. మారిపోయిన సరుకైనా సరే, ఇకమీదట మారకుండా ఆ ముక్కకి ఆమె కొత్త చుక్క పెట్టుకుంది.

ఇప్పుడు ఆ ధనుంజయ్ దగ్గరికే వెళ్ళాలి. వెళ్ళకపోతే మిషను లేదు. జీడితోట పక్కన ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఉన్నాడని తెలిసి వెళ్ళింది.

"వదినా! ఏటిలా వొచ్చినావు?" అన్నాడు ధనుంజయ్ బిత్తరపోయి.

"రేపు పొద్దున్న మన ఈదిలో కాసేపు కరెంటు పోకూడదు. కంప్యూటరు పనుంది. మజ్జిలో పోతే బోర్డు సచ్చిపోద్ది."

కంప్యూటరన్న మాటకి అతని మొహం ముడుచుకుంది. అయినా అన్నాడు, "నా సేతిలో ఉన్నంతవరకు పోదు. సబ్‌స్టేషన్‌లో తారకేశ్వరరావుకి సెప్తాను. నాను ఫోన్ సేసినాక మొదలెట్టు. నీ పనయ్యేదాకా లైను ఆపం."

"ఆడు నీ మాట ఇంటాడని నమ్మకమేటి?"

ధనుంజయ్ చేతిగ్లౌజులు తీసి ఆమె వైపు సూటిగా చూశాడు. "నాను రోజూ ఏటి సేత్తానో తెలుసా వదినా? ఆడికి ఫోన్ సేసి లైను ఆపమంటాను. ఆపీసినానంటాడు. నాను స్తంభం ఎక్కుతాను. ఎర్తు యేసుకుంటాం, టెస్టు సూసుకుంటాం, అదంతా ఉంది. అయినా నాను దిగినానని సెప్పేదాకా ఆడు స్విచ్చి ముట్టడన్న ధైర్నంతోటే పైనుంటాను. ఆడి మాటకి సుక్క పెట్టుకోడానికి నా కాడ రంగు లేదు."

పైడితల్లి ఒళ్ళు మండుతుండగా ఇంటికొచ్చింది. దారిలోనే ఇంకో భయం పట్టుకుంది. బోర్డు ఎలా చస్తుందో, ఎప్పుడు చస్తుందో స్వయంగా వెళ్ళి వాడికే చెప్పి వచ్చింది.

తెల్లారాక ఫోన్ మోగింది. "మొదలెట్టు వదినా" అని పెట్టేశాడు. మిక్సీ ముట్టుకోవద్దని బొడ్డమ్మకి ఒట్టు పెట్టి, పెన్‌డ్రైవ్ గుచ్చి, పైడితల్లి మీట నొక్కింది. తెర మీద గీత నింపాదిగా సాగుతోంది. ఆమె చూపు గీత మీద లేదు, పైన తిరిగే ఫ్యాను మీద ఉంది. బయట గాలి లేచి కొబ్బరాకులు గలగలమన్నప్పుడల్లా కిటికీలోంచి తీగల వైపు తొంగిచూసింది. మధ్యలో ఫోన్ మోగింది. ధనుంజయ్. ఎత్తలేదు. ఆపేస్తున్నానని చెప్పడానికే అయ్యుంటుందని, ఎత్తకపోతే ఆపలేడన్నట్టు ఫోన్‌ని దిండు కిందకి తోసేసింది.

గీత చివరికంటా వచ్చింది. కంప్యూటర్ దానంతటదే ఆగి మళ్ళీ లేచింది. తెర మాత్రం వెలగలేదు. లోపల్నుంచి పొడుగ్గా ఒక కూత, ఆగి మళ్ళీ కూత.

"సంపీసినాడత్తా!" అని అక్కడే చతికిలబడింది. కరెంటు పోలేదు, ఫ్యాను తిరుగుతూనే ఉంది. అయినా ధనుంజయ్ ఎలాగో చంపేశాడు. లేదా ఆ విదేశీవాడు మోసగాడు. లేదా శ్రీకాంత్ ఏదో పీకాడు. అందరినీ వరసగా తిట్టుకుంటుంటే శ్రీకాంత్ గుమ్మంలోంచి వేసిన కేక గుర్తొచ్చింది.

కరెంటు తీసి ర్యామ్ ముక్క పీకింది. గాడిలోకి దిగే దాని పళ్ళ మీద పచ్చగా ఉప్పు పేరుకుంది. గుడ్డతో రుద్దితే పోలేదు. పోలయ్య ఊళ్ళో ఉండగా బోటుకి రంగులేసినప్పుడు మిగిలిన థిన్నర్ అటక మీదుంది. దూదికి కాస్త అద్దుకుని పళ్ళు తళతళలాడేదాకా రుద్దింది. తీరా చూస్తే దూది గులాబీ రంగులో ఉంది. ముక్క మీద ఆమె పెట్టుకున్న చుక్క లేదు.

దూదినీ ముక్కనీ మార్చి మార్చి చూసింది. దాన్ని తుడిసీసేను వదినా. ఆనాటి ధనుంజయ్ మాట. జల్లుకి తడిసి లేవని కంప్యూటర్‌ని లేపి ఇద్దామని వాడు తుడిచాడు. తుడిచానని చెప్పాడు. ఆ ఒక్క మాట పట్టుకుని నలుగురిలో దొంగని చేసింది. పైడితల్లికి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

ముక్క తిరిగి పెట్టి మీట నొక్కింది. కూత లేదు. తెర వెలిగింది. కొత్త డిస్కు పేరు తెల్లటి అక్షరాల్లో కనిపించింది. ఇంకా విండోస్ ఎక్కించాలి, డ్రైవర్లు వేయాలి, కానీ బోర్డు బతికింది, దాంతో మిషనూ బతికింది. సంతోషించడానికి మనసు రాలేదు. దిండు కింద ఫోన్ మళ్ళీ మోగుతుంటే ఈసారి ఎత్తింది.

"ఫోనెత్తవేటి వదినా? పనైపోనాదా? సివరింటి కాడ కొబ్బరిమట్ట తీగల మీద ఇరుక్కుంది, లైను ఆపి తియ్యాల. నీకు మాటిచ్చినాను గదా, కిందే కూకున్నాను."

"తిత్లీకి..." అంది పైడితల్లి. "ఆ ముక్కని దేంతోటి తుడిసినావు?"

"థిన్నర్‌తోటి. అన్న బోటుకి యేసిన రంగుడబ్బాల కాడ దొరికింది. ఉప్పుకి మరేటీ పనిసెయ్యదు." అంతలోనే అడిగాడు, "ఉన్నావా వదినా? అయిపోనాదని నువ్వంటే ఆపిస్తాను. నీ మాట ఇనే ఎక్కాల."

తప్పయిపోయిందన్న మాట నోటిదాకా వచ్చింది. ఆ మాట ఆమెకి అలవాటు లేదు. కంప్యూటర్ ఆపి, తీగ పీకి, అప్పుడు అంది.

"అయిపోనాది. ఎక్కు. దిగినాక నాకు ఫోన్ సెయ్యి. అందాకా నాను ఇక్కడే కూకుంటాను. దిగి, తిన్నగా ఇంటికి రా. అన్నం ఒండుతాను."

కాసేపటికి ఫ్యాను నెమ్మదించి ఆగింది. గుమ్మంలోంచి బొడ్డమ్మ అరిచింది.

"కరెంటు ఎలిపోనాదే! నా సిన్నోడు ధనుంజయ్ గాడే తీసీసుంటాడు, సూసినావా!"

"అవునత్తా. నానే తియ్యమన్నాను" అంది పైడితల్లి, ఫోన్ రెండు చేతులతో పట్టుకుని.