పిన్నీసూ, నల్లద్దాల పెద్దమనిషీ

పిన్నీసుతో ఎంత ఘోరం జరగగలదో తెలియాలంటే నన్నడగండి. తొంభైల్లో, మద్రాసు సిటీ బస్సులో, ఒక నిరపరాధి నడుములో దాన్ని దించిన వీరవనితను నేనే.

అప్పుడు నాకు టి. నగర్‌లో ఒక చీరల కొట్టులో ఉద్యోగం. మా ఇల్లు చూలైలో. తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగువాళ్ళం. నాన్న ఒకే షరతు మీద ఒప్పుకున్నాడు. "బస్సులో గలాటా అని నా చెవిన బడిందా, ఆ పొద్దుతో పని సరి. ఇంట్లో కూచో." నాకేమో ఆ ఉద్యోగం ప్రాణం. అందుకే మా వీధిలో మేడ మీద కరాటే నేర్పే టీచరమ్మ దగ్గర చేరాను.

ఆవిడ మొదటి రోజే చెప్పింది. "చెయ్యి చాపినంత మేర నీ జాగా. దాంట్లోకి ఎవురన్నా వస్తే గట్టిగా అరువు. మొగాలు చూడబాకు, చేతులు చూడు. తప్పు చేసేది చెయ్యి, మీసం కాదు."

నేను బుద్ధిగా తలూపాను. సాయంత్రం పూట సిటీ బస్సులో అంత జాగా ఏ తల్లి బిడ్డకు దొరుకుతుందని మాత్రం అడగలేదు.

ఒకరోజు నేనూ, నాతో పనిచేసే మా పిన్ని కూతురు శారదా బస్సులో నిలబడి ఇంటికి వస్తున్నాం. ఒక చెయ్యి నా నడుమును తాకింది. పొరపాటున తగిలిందేమోలే అనుకున్నాను. మళ్ళీ తాకింది. ఈసారి అక్కడే ఉండిపోయింది. ఇన్నేళ్ళయినా ఆ చెయ్యి గుర్తొస్తే ఒళ్ళు జలదరిస్తుంది. ఈ ఒక్క ముక్క దగ్గర మాత్రం నాకు నవ్వు రాదు.

అరవాలి. అరిస్తే గలాటా. గలాటా నాన్న చెవిన పడితే ఉద్యోగం గోవిందా. నోరు మూసుకుని ఓరగా వెనక్కి చూసేసరికి చెయ్యి తప్పుకుంది. నుదుట విభూతి, చేతిలో గుడి ప్రసాదం సంచీతో ఒక పెద్దాయన. ఆయన పక్కన బుర్రమీసాలతో, పొద్దుగూకే వేళ నల్లద్దాలు పెట్టుకున్న ఇంకో మనిషి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాణ్ణి పట్టుకోవాలంటారు. నేను మీసాలున్నవాణ్ణి పట్టుకున్నాను.

బస్సులో రహస్యాలు తెలుగులో మాట్లాడుకోవడం మా ఇంటి ఆచారం. చుట్టూ ఉన్నది అరవవాళ్ళేనని ధీమా. గొంతు తగ్గించాలని కూడా తోచదు.

"శారదా, ఆ నల్లద్దాలోడు నా నడుం మీద చెయ్యేస్తుండాడే!"

"అయ్యో! టీచర్ చెప్పినట్టు అరువే."

"అరిస్తే నాయన పని మాన్పిస్తాడు. పిన్నీసుండాదా?"

"ఇందా. యాడ పొడుస్తావు?"

"మళ్ళా దగ్గరికి రానీ, చెప్తా."

అంతలో ఆ మనిషి జనాన్ని తోసుకుంటూ వచ్చి సరిగ్గా నా వెనకే నిలబడ్డాడు. ఎంత ధైర్యం! వెనక్కి తిరక్కుండానే పిన్నీసు దించాను.

"అబ్బా! పాపా, నా రెండు చేతులూ పైన కమ్మీ పట్టుకోనుండాయి గదమ్మా, చూసి పొడవకూడదా?" అన్నాడాయన, మా ఇంట్లో మాట్లాడే తెలుగులోనే. "నీ మాటలన్నీ వింటిని. ఆ విభూతాయన చెయ్యీ చూస్తిని. అడ్డంగా నిలబడదామని వస్తే నన్నే పొడిస్తివే!"

తలెత్తాను. రెండు చేతులూ పైనే ఉన్నాయి. కిందికి చూశాను. ప్రసాదం సంచీ చాటుకు ఇంకో చెయ్యి మెల్లగా జారుకుంటోంది. అప్పుడు అరిచాను. ఉద్యోగం పోతే పోనీ అని బస్సంతా అదిరేట్టు అరిచాను. "ఎన్నమ్మా, ఎన్న ఆచ్చు?" అని, ఏమైందో అరవంలో అడుగుతూ కండక్టర్ వచ్చేలోగా విభూతి పెద్దాయన సిగ్నల్ దగ్గర దిగి పారిపోయాడు.

నల్లద్దాలాయన అద్దాలు తీసి కళ్ళు తుడుచుకోబోయాడు. కళ్ళు పండుమిరపకాయల్లా ఉన్నాయి. నా పోటుకే అంత ఏడ్చాడనుకుని రుమాలు ఇచ్చాను.

"వద్దమ్మా, నాకు..."

"తీసుకోండన్నా, నా తప్పే!"

బలవంతాన తుడిపించి, అదే రుమాలుతో నా మొహమూ తుడుచుకున్నాను.

నాలుగు రోజులు తిరక్కుండా నాకు కళ్ళకలక. మా ఊళ్ళో అందరూ మద్రాస్ ఐ అనేది అదే. ఎర్రటి నా కళ్ళు చూసి నాన్న అడిగాడు. "ఏడిస్తివా? బస్సులో ఎవురన్నా ఏమన్నా చేసినారా?"

"చేసినాడు నాయనా. అరిస్తిని. దిగి పారిపోయినాడు."

సాయంత్రం నాన్నే వెళ్ళి నాకు నల్లద్దాలు కొనుక్కొచ్చాడు. "రేపు పెట్టుకోని పనికి పో," అన్నాడు.

మర్నాడు బస్సులో నిలబడి ఉంటే, నా ముందు సీట్లో ఉన్నావిడ కూతురి చెవిలో, స్వచ్ఛమైన తెలుగులో, గుసగుసలాడింది. "ఆ నల్లద్దాలామె మననే చూస్తుండాది. సంచీ గట్టిగా పట్టుకో."

గబుక్కున రెండు చేతులూ ఎత్తి పైకమ్మీ పట్టుకున్నాను. అలా నిలబడే శపథం చేశాను: ఇకమీదట ముందు చేతులు చూస్తాను, ఆ తరువాత అరుస్తాను, ఆపైనే పిన్నీసు. రుమాలు మాత్రం కన్నతండ్రికైనా ఇవ్వను.